వెనక బరువు

సబ్బు నురగ చేతులతోనే పెద్దకోడలు వాకిట్లోకి పరుగెత్తింది. అప్పటికే ట్రక్కు గేటు దాటింది. దాని వెనకాల పొడుగాటి తెల్ల ట్రైలర్ ఓసారి అటూ ఇటూ ఊగి, వీధి మలుపు తిరిగిపోయింది.

"ఆగు! ఓయ్, ఆగవయ్యా!" అని అరిచింది.

ఆ అరుపు ఎదురింటి కుక్కకి తప్ప ఇంకెవరికీ పట్టలేదు. అది తల ఎత్తి, నన్నేనా అన్నట్టు చూసి, మళ్ళీ పడుకుంది.

అద్దంలో మరిదికి వదిన కనబడే ఉంటుంది. కనబడినా ఆగేవాడు కాదు. బల్ల దగ్గర పళ్ళెం తోసేసి లేచిపోయిన మనిషి, వెనకనుంచి ఎవరో చేతులూపితే ఆగుతాడా? బతిమాలడానికి వచ్చిందనుకుని ఇంకాస్త తొక్కి ఉంటాడు.

ఆమె గేటు పట్టుకుని నిలబడిపోయింది. బుర్రలో ఒకటే మాట గిర్రున తిరుగుతోంది. పెద్ద బైకులు రెండూ వెనకే ఉన్నాయి. వెనకే ఉండిపోయాయి. పెట్టింది తనే.

ఈ ఇంటి పని తెలిసినవాళ్ళకి ఇంతకుమించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. మట్టి ట్రాకుల మీద పందేలాడేవాళ్ళ డర్ట్ బైకుల్ని ట్రైలర్లో నిలబెట్టి, పట్టీలతో బిగించి, ట్రక్కుకి తగిలించి కొండకి ఆవలనున్న మైదానానికి చేర్చడం ఆమె భర్తా, మరిదీ, ఈ అన్నదమ్ములిద్దరి పని. ట్రైలర్లో బరువు బైకులు ఇరుసుకి ముందు ఉండాలి, తేలికవి వెనక. అలా ఉంటే ట్రైలర్ ముక్కు ట్రక్కు మీద బరువుగా కూర్చుని, బుద్ధిగా వెంట వస్తుంది. అది తిరగబడితే, పల్లంలో వేగం పుంజుకోగానే వెనక భాగం ఊగడం మొదలుపెట్టి ట్రక్కునే ఈడ్చుకుపోతుంది.

ఈ సంగతి పెద్దకోడలికి తెలియక కాదు. పెళ్ళైన కొత్తలో భర్త చెప్పిన మొదటి ప్రేమ కబురే అది.

అన్నీ తెలిసే చేసింది. ట్రైలర్ ముక్కు కింద ఉండే జాకీ పోయిన ప్రయాణంలో వంగిపోయింది. అది పనిచేస్తే ఎవరైనా పిడి తిప్పి ముక్కు లేపి, ట్రక్కు వెనకున్న ఇనుప గుండు మీద దించొచ్చు. అది లేనప్పుడు చేతులతో ఎత్తాలి. ఎత్తే భర్తకి భుజం విరిగి, చెయ్యి మెడకి వేలాడుతోంది. ఎత్తగల మరిది, 'అన్నయ్య నోరు తెరిచి అడిగితేనే' అని భీష్మించుకు కూర్చున్నాడు. అడగడానికి ఆయనకి అభిమానం అడ్డొచ్చింది. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

ఎవరి పౌరుషం వాళ్ళకి దక్కనీ, పని మాత్రం ఆగకూడదనుకుంది పెద్దకోడలు. అందరికన్నా ముందు లేచి, ముందున్న పెద్ద బైకులకి రాత్రి భర్త ఒంటిచేత్తో బిగించిన పట్టీలు విప్పింది. ఒక్కొక్కదాన్నీ చిన్న బైకుల మధ్య సందులోంచి ఇరుసు దాటించి వెనక్కి నడిపించింది. వెనక బరువు పడగానే ముక్కు దానంతటదే తేలిపోయింది. ట్రక్కు ఎలాగూ ముందురోజే దాని ముందు ఆనించి పెట్టి ఉంది. ముక్కుని గుండు మీద కూర్చోబెట్టి గొళ్ళెం వేసింది. పెద్ద బైకులు పడిపోకుండా అప్పటికి చెరో పట్టీ చుట్టింది. చినుకులు పడుతున్నాయని తలుపు మూసింది. ఇక తోడికోడల్ని సాయం పిలిచి, వాటిని మళ్ళీ ముందుకి నెట్టి గట్టిగా కట్టేస్తే సరిపోతుంది. చేతుల గ్రీజు కడుక్కుని పిలుద్దామని లోపలికి వచ్చింది.

లోపల అప్పటికే రణం మొదలైంది. అది సద్దుమణిగాక పిలుద్దామని కుళాయి దగ్గరే ఉండిపోయింది. అది సద్దుమణగలేదు. ట్రక్కు వెళ్ళిపోయింది.

"ఏమ్మా, అలా పరిగెత్తావు?" అంది అత్తగారు, పెద్దకోడలు గుమ్మంలోకి రాగానే. "వాడేమైనా మర్చిపోయాడా?"

"ఫోను అత్తయ్యా. ఒక్కసారి ఫోను చెయ్యాలి."

చేసింది. రెండు మోతలు మోగి, అవతల కట్ చేశారు. మళ్ళీ చేసింది. ఈసారి ఒక్క మోతకే కట్టయింది. మూడోసారి ఫోను ఆపేసి ఉందని ఒక అమ్మాయి గొంతు తీయగా చెప్పింది.

"ఎత్తడులే," అన్నాడు భర్త. బల్ల దగ్గర కూర్చుని ఎడమచేత్తో గిన్నె మూతని అటూ ఇటూ తిప్పుతున్నాడు. మైదానంలో అందరూ ఆయన్ని 'పట్టీల మాస్టారు' అంటారు. ఆయన పట్టీ బిగిస్తే బైకు తుమ్మడానికి కూడా వీలుండదని వాళ్ళ వేళాకోళం. "కొండెక్కేసరికి వాడే చల్లబడతాడు."

"చల్లబడతారు, చల్లబడతారు," అంది చిన్నకోడలు తన గది గుమ్మంలోంచి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తినే మనిషిని లేపేశారుగా బావగారూ. ఇప్పుడు మీకు హాయిగా ఉందా?"

"నేనేమన్నానమ్మా? కొండ దిగేటప్పుడు జాగ్రత్తగా దిగమన్నాను."

"మీరు ఆయనతో అన్లేదు. అత్తయ్యతో అన్నారు. 'అమ్మా, కొండ దిగేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోమని చెప్పు' అన్నారు. పక్కనే కూర్చున్న మనిషికి కబురంపుతారా ఎవరైనా?"

"వాడు మాత్రం? 'అమ్మా, నాకు చెవులు పనిచేస్తున్నాయని చెప్పు' అన్లేదూ?"

"నన్ను పోస్టాఫీసు చేసేశారు మీరిద్దరూ," అంది అత్తగారు పళ్ళాలు ఎత్తుతూ. "రోజంతా ఇటువి అటు, అటువి ఇటు. స్టాంపు డబ్బులైనా ఇవ్వరు."

పెద్దకోడలు గోడకి ఆనుకుని నిలబడింది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి.

"ఏమండీ..." అంది.

"ఆ చివరి మాట మాత్రం అనాల్సింది కాదు బావగారూ," అని చిన్నకోడలు అడ్డం వచ్చింది. "'పట్టీ బిగించడం చేతకానివాడి వల్లే నా భుజం పోయింది' అన్నారు. పోయినవారం కూడా అదే మాట. 'ఇంకోసారి నా పట్టీల మీద చెయ్యి వేశావంటే ఊరుకోను' అన్నారు. రాత్రుళ్ళు నిద్రపోవట్లేదు ఆయన. మీకు తెలుసా?"

ఆయన గిన్నె మూత తిప్పడం ఆపాడు.

పట్టీ సంగతి నిజమే. పోయిన ప్రయాణంలో దింపుతుండగా ఒక బైకు పట్టీ తెగి, బండి మొత్తం ఆయన భుజం మీద పడింది. ఆ పట్టీ కట్టింది తమ్ముడు. పాతదైపోయింది కొత్తది కొనమని మొత్తుకున్నానంటాడు తమ్ముడు. పాతదైతే ఎందుకు కట్టావంటాడు అన్న. ఆ తెగిన పట్టీకి రెండు చివరలూ చెరొకరు పట్టుకుని, వారం రోజులుగా లాగుతూనే ఉన్నారు.

"సర్లెండి, ఊరుకోండి," అంది అత్తగారు. "నోటితో ఏమన్నా, మనసు మంచిదే వాడిది. నేను పొద్దున కిటికీలోంచి చూశాను. ట్రైలర్ తగిలించి రెడీగా ఉంది." పెద్దకొడుకు తల మీద చెయ్యి వేసింది. "తమ్ముడికి శ్రమ లేకుండా ఒంటిచేత్తో తగిలించావు కదరా పెద్దోడా. అలా ఉండాలి."

ఆయన తల ఎత్తి చూశాడు. "నేనా? నేనెక్కడ తగిలించానమ్మా ఈ చేత్తో? వాడే తగిలించుకున్నాడు."

అంటూంటే ఆయన గొంతు మెత్తబడింది. అంటే ఇంతసేపూ ఆయన ఆ సంగతి మనసులో పెట్టుకునే ఉన్నాడు. అడక్కుండానే తమ్ముడు ట్రైలర్ మీద చెయ్యి వేశాడని, బెట్టు దిగాడని, మనసులోనే పొంగిపోతూ పైకి గంభీరంగా కూర్చున్నాడు.

"ఆయనెప్పుడు తగిలించారు?" అంది చిన్నకోడలు. "ఆయన లేచిందే ఆలస్యంగా. మొహం కడుక్కుని నేరుగా బల్ల దగ్గరికే కదా వచ్చారు."

అత్తగారు పళ్ళాలు పట్టుకుని ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది.

"నేనే తగిలించాను," అంది పెద్దకోడలు.

"నువ్వా?" అత్తగారి మొహం విప్పారింది. "నా తల్లే! చూశార్రా, ఇంటికి ఒక్క..."

"ఉండమ్మా," అన్నాడు ఆయన.

ఆయన కుర్చీలోంచి లేచాడు. భార్య దగ్గరికి వచ్చి ఆగాడు. ఆయన మొహంలో కోపం లేదు. జవాబు ముందే తెలిసి, అది కాకుండా ఇంకేదైనా చెప్పమని బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు.

"ఆ ముక్కు నువ్వెలా ఎత్తావు?"

ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నిండు ట్రైలర్. నాకే నడుం పట్టేస్తుంది. నువ్వెలా ఎత్తావు?"

"పెద్దవి రెండూ వెనక్కి జరిపాను."

"మళ్ళీ ముందుకి తెచ్చావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆయన పక్కనున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఒక్కసారిగా పదేళ్ళు మీద పడ్డట్టు కనిపించాడు.

"చెల్లిని సాయం పిలుద్దామని లోపలికొచ్చాను. మీరిద్దరూ అరుచుకుంటున్నారు. సద్దుమణిగాక పిలుద్దాంలే అనుకున్నాను. ఇంతలో..." ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "చేతులు కడుక్కుంటున్నానండీ. అంతే. చేతులే కడుక్కుంటున్నాను."

"ఏమిట్రా? ఏమైంది?" అంది అత్తగారు. "నాకూ చెప్పండిరా ఎవరైనా."

ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేనిది చిన్నకోడలికి ఒక్కతెకే. ఆ ఇంటికొచ్చి మూడేళ్ళయింది. ఇరుసూ, ముక్కూ, వెనక బరువూ ఆమె చెవులు చిల్లులు పడేలా విన్నవే. గుమ్మం పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది.

"అక్కా," అంది. "తలుపెందుకు మూశావు?"

"చినుకులు పడుతున్నాయని."

"తెరిచి ఉంటే చూసేవారు కదక్కా."

"అవును."

"చినుకులకి మూశావా?"

"అవును చెల్లీ."

ఆ మాటకి చిన్నకోడలు ఏడవలేదు, అరవలేదు. అది ఇంకా భరించలేనట్టుగా ఉంది. అరిస్తే బాగుండుననుకుంది పెద్దకోడలు. జుట్టు పట్టుకుని ఈడ్చినా బాగుండేది.

"వెళ్దాం," అంది పెద్దకోడలు గబుక్కున. "మనం వెళ్దామండీ. వెంటపడితే కొండ మీదైనా అందుకుంటాం."

"దేంట్లో?" అన్నాడు ఆయన.

నిజమే. దేంట్లో? ఇంటినిండా బండ్ల పనే. షెడ్డు నిండా టైర్లు, గొలుసులు, హెల్మెట్లు. కదిలే బండి ఒక్కటీ లేదు. ఉన్న ట్రక్కు ట్రైలర్‌తో వెళ్ళిపోయింది. పాత ట్రక్కులో ఇంకో నాలుగు బైకులు నిలబెట్టుకుని డ్రైవరు మరిదికన్నా ముందే బయల్దేరాడు. షెడ్డులో మిగిలిన ఒక్క బైకుకీ ఇంజను విప్పి నేలమీద గోనెసంచిపై పరిచి ఉంది.

"నెమ్మది!" అన్నాడు ఆయన ఉన్నట్టుండి. "నెమ్మదికి చెయ్యి. ఫోను స్పీకర్లో పెట్టు."

పాత ట్రక్కు డ్రైవరుని అందరూ 'నెమ్మది' అనే పిలుస్తారు. పాతికేళ్ళుగా స్టీరింగు పట్టుకున్నా, ఎవరినీ దాటి వెళ్ళిన పాపాన పోలేదు. నడక నెమ్మది, మాట నెమ్మది, బండి మరీ నెమ్మది. 'డ్రైవరంటే అలా ఉండాలి' అని తమ్ముడికి అస్తమానం అతన్నే చూపించేవాడు అన్న.

ఆరేడు మోతల తర్వాత ఎత్తాడు.

"చెప్పండి... పెద్దయ్యా."

"చిన్నోడెక్కడ? నీకు కనబడ్డాడా?"

"ఇప్పుడే నన్ను దాటాడు. హారన్ కొట్టి చెయ్యి కూడా ఊపాడు. నేను కొండ ఎక్కడం... మొదలుపెట్టాను. ఏం పెద్దయ్యా?"

"వాణ్ణి అందుకో! లైట్లు వెయ్యి, హారన్ కొట్టు, ఏదో ఒకటి చేసి ఆపు. వాడి ట్రైలర్లో బరువంతా వెనకుంది. దిగకూడదు వాడు. వింటున్నావా? దిగకూడదు!"

అవతల ఇంజను మోత అంతే నింపాదిగా సాగుతోంది.

"స్పీడుగా పోవయ్యా!"

"మీరేనా పెద్దయ్యా మాట్లాడేది?"

"నేనే. తొక్కు!"

"వెనకాల బైకులు నిలబెట్టి ఉన్నాయి. మలుపుల్లో..."

"పడితే పడనీ!"

ఆ మాట ఆయన నోటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. బైకు మీద చిన్న గీత పడితే అన్నం సహించని మనిషి.

"సరే పెద్దయ్యా," అన్నాడు నెమ్మది. ఇంకేదో అనబోయాడు. ఫోను గరగరమని ఆగిపోయింది. ఆ కొండ దారిలో పైన ఒక్కచోట తప్ప సిగ్నలుండదని అందరికీ తెలుసు.

చిన్నకోడలు తన ఫోనులో పోలీసులకి చేసింది. అవతలి ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ప్రమాదం ఎక్కడ జరిగిందని అడిగాడు. ఇంకా జరగలేదంది. మరేం జరిగిందన్నాడు. బైకులు వెనక్కి జరిగాయంది. ఎవరి బైకులు, ఎక్కడికి జరిగాయన్నాడు. ఆమె చెప్పలేక ఫోను బావగారి చేతిలో పెట్టేసింది. ఆయన అంతా విడమరిచి చెప్పాడు. తమ బండి కొండకి ఇవతలే ఉందని, అవతలి వాళ్ళకి చెప్పి చూస్తామని, కంగారు పడొద్దని అన్నారు.



"నాకెవరూ చెప్పరు," అంది అత్తగారు. కానీ ఈపాటికి ఆమెకీ అర్థమైపోయింది. పళ్ళాలు బల్లమీద పెట్టేసి, చీర చెంగు రెండు చేతులా నలుపుతోంది. "వాడికేం కాదు కదరా? ఒరే పెద్దోడా, ఏం కాదని చెప్పరా."

"ఉండమ్మా. ఆలోచించనీ."

ఆయన కిటికీ దగ్గరికి నడిచి, అక్కడ్నుంచి బల్ల దగ్గరికి వచ్చి, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తర్వాత ఆగాడు. మొహంలో ఏదో వెలిగింది.

"పైన ఆపుతాడు," అన్నాడు. "వాడు కొండ పైన ఆపుతాడు."

పెద్దకోడలు ఓ అడుగు ముందుకి వేసింది.

"మా నాన్న పెట్టిన పద్ధతి అది. ఎంత తొందరున్నా సరే, దిగే ముందు పైన ఆపాలి. తలుపు తీసి ప్రతి పట్టీ చేత్తో లాగి చూడాలి. చక్రం మధ్యలో చెయ్యి పెట్టి వేడెక్కిందేమో చూడాలి. అప్పుడే దిగాలి. ఇప్పటిదాకా నేనుగానీ, వాడుగానీ, చూడకుండా దిగింది లేదు." ఆయన చిన్నకోడలి వైపు తిరిగాడు. "తలుపు తీస్తాడమ్మా. తియ్యగానే ఎదురుగా పెద్ద బైకులే కనబడతాయి. వాడు చిన్నపిల్లాడు కాదు, చూడగానే తెలిసిపోతుంది. నన్ను నాలుగు బూతులు తిట్టుకుని, ముందుకి నెట్టుకుని, అప్పుడు దిగుతాడు."

"నిజంగా ఆపుతారా?"

"ఆపకుండా ఎలా ఉంటాడు?"

ప్రాణం లేచొచ్చింది ఇంట్లో అందరికీ. అత్తగారు అటు తిరిగి దణ్ణం పెట్టుకుంది. చిన్నకోడలు లేచి నిలబడి మొహం తుడుచుకుంది. పెద్దకోడలు ఆమె దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

"వద్దక్కా," అంది చిన్నకోడలు, విసురు లేకుండానే. "ఆయన ఫోను వచ్చేదాకా వద్దు."

పెద్దకోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. గ్రీజు ఇంకా పూర్తిగా వదల్లేదు. గోళ్ళ చుట్టూ నల్లగా ఉంది.

మాట్లాడితే ఉన్న కాస్త ధైర్యం చెదిరిపోతుందేమోనని అందరికీ భయం. అత్తగారు తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. పెద్దకోడలు మనసులో మరిదితో పాటు కొండెక్కుతోంది. ఆ దారిలో ఆమె ఎన్నోసార్లు వెళ్ళింది. ఆ మలుపు దాటి ఉంటాడు. ఆ రాళ్ళ గోడ దాటి ఉంటాడు. ఇప్పుడు ఆపుతాడు. దిగుతాడు. ఒళ్ళు విరుచుకుంటాడు. వెనక్కి నడుస్తాడు. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేస్తాడు. వెయ్యి నాయనా, తియ్యి నాయనా, ఒక్కసారి తియ్యి.

ఆయన ఫోను టింగుమంది.

కాల్ కాదు, గొంతు సందేశం. తమ్ముడి పేరు మీద వచ్చింది. వారం రోజుల్లో ఆ నంబరు నుంచి ఆయనకి వచ్చిన మొదటి మాట.

"పైన సిగ్నలుంది వాడికి!" ఆయన వెంటనే తిరిగి ఫోను చేశాడు. అందుబాటులో లేడంది. మళ్ళీ చేశాడు. లేడంది. ఒంటిచేత్తో సందేశం తెరవబోయి తడబడ్డాడు. పెద్దకోడలే నొక్కింది.

ముందు గాలి హోరు. తర్వాత గొంతు సవరించుకోవడం.

"అన్నయ్యా, నేనే. పైన ఆపాను. గాలి బాగా కొడుతోంది, వినబడుతుందో లేదో. పొద్దున వాకిట్లోకి రాగానే చూశాను. ట్రైలర్ తగిలించేసి ఉంది. ఆ చేత్తో ఎలా తగిలించావో ఏమోగానీ, నాకు నోట మాట రాలేదు. ఏమనాలో తెలీక, అదే కోపం మొహంతో బండెక్కేశాను."

కాసేపు గాలి.

"పట్టీ విషయంలో తప్పు నాదే. పాతదని తెలిసే కట్టాను. బద్ధకం. ఇంట్లో అందరి ముందూ ఒప్పుకోలేక ఇన్నిరోజులు అరిచాను. అదీ సంగతి. నీ భుజం చూసినప్పుడల్లా..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు.

"ఇక్కడ తలుపు తీసి చూసుకోవాలి కదా ఎప్పుడూ. ఇవాళ తియ్యలేదు. నువ్వు కట్టిన బండికి నేను మళ్ళీ చూసేదేముంది? చెయ్యి వెయ్యొద్దన్నావుగా, వెయ్యలేదు." నవ్వాడు. "ఎక్కేటప్పుడు కొంచెం ఊగింది గానీ, ఈ గాలికేలే. సరే, దిగుతున్నాను. వదినకి చెప్పు, గేటు దగ్గర చేతులూపింది, ఆగలేదు, ఏమీ అనుకోవద్దని. సాయంత్రం వచ్చాక మాట్లాడుకుందాం."

సందేశం అయిపోయింది.

పెద్దకోడలు ఫోను వైపే చూస్తోంది. ఇంకా ఏదో మిగిలి ఉంటుందని, ఆగు ఒకసారి తలుపు తీసి చూస్తాను అంటాడని, పిచ్చిదానిలా ఎదురుచూసింది. ఏమీ లేదు. ఇన్నేళ్ళూ కోపంలో కూడా తప్పని పద్ధతి ఇవాళ తప్పాడు. అన్న మీద ప్రేమ పుట్టి తప్పాడు.

"మళ్ళీ చెయ్యండి బావగారూ," అంది చిన్నకోడలు. "చెయ్యండి. చేస్తూనే ఉండండి."

చేశాడు. లేడంది. చేశాడు. లేడంది.

అప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, తమ్ముడికి సందేశం చెప్పడం మొదలుపెట్టాడు. కొత్తగా బండి నేర్చుకునేవాడికి చెప్పినట్టు, చాలా శాంతంగా చెప్పాడు.

"చిన్నోడా, విను. ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకు. ఎంత భయమేసినా తొక్కకు. కాలు యాక్సిలరేటరు మీంచి తీసెయ్యి, అంతే. స్టీరింగు గట్టిగా, తిన్నగా పట్టుకో. అది ఎటు లాగితే అటు తిప్పకు. దానంతటదే నెమ్మదిస్తుంది. ఆగాక దిగి, బండికి దూరంగా వెళ్ళి నిలబడు. బైకులు పోతే పోయాయి. విన్నావురా? నేను... నేను తగిలించలేదురా. అడగాల్సింది నేను. రారా, ఓ చెయ్యి వెయ్యరా అంటే పోయేది. ఒక్క మాట..."

అక్కడ ఆయన శాంతం అయిపోయింది. వేలు తీసేశాడు.

సందేశం వెళ్ళింది. పక్కన ఒకే ఒక్క గుర్తు పడింది. అవతల అందినట్టు రెండో గుర్తు పడాలి. నలుగురూ బల్ల మీదికి వంగి దానికేసి చూశారు. అత్తగారికి ఆ గుర్తులేమిటో తెలియదు. అయినా అందరితో పాటు చూసింది.

రెండోది పడలేదు.

"నీ వల్లేనక్కా," అంది చిన్నకోడలు, ఫోను మీంచి కళ్ళు తిప్పకుండా. గొంతు పెంచలేదు. "మంచికే చేశావని నాకు తెలుసు. అయినా నీ వల్లే."

"తెలుసు చెల్లీ."

"తెలుసనకు. నాకు ఏడుపొస్తోంది."

అత్తగారు ఇద్దరి మధ్యా నిలబడి, ఎవర్ని దగ్గరికి తీసుకోవాలో తెలియక, చివరికి ఎవర్నీ తీసుకోలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. బయట చినుకులు ట్రక్కు కదిలేలోపే ఆగిపోయాయి. వాకిట్లో ట్రైలర్ ఉన్నచోట పొడి నేల పొడుగ్గా, తెల్లగా కనబడుతోంది.

బల్ల మీద ఫోను మోగింది.

తమ్ముడి పేరు కాదు. నెమ్మది.

పైనున్న ఆ ఒక్కచోటు దాటితే, కొండ దిగి రోడ్డెక్కేదాకా ఫోను పలకదు. నెమ్మది ఎంత తొక్కినా ఇంకా దిగి ఉండడు. అంటే పైనే ఆగి చేస్తున్నాడు. లేదా కొంత దిగి, ఏదో చూసి, వెనక్కి వచ్చి మరీ చేస్తున్నాడు.

ఫోను మోగుతూనే ఉంది. ఆయన చెయ్యి ముందుకి వచ్చి, బల్ల అంచు దగ్గర ఆగిపోయింది. చిన్నకోడలు రెండు చేతులతో చెవులు మూసుకుంది.

పెద్దకోడలు ఫోను ఎత్తింది.

"పెద్దయ్యకివ్వమ్మా," అన్నాడు నెమ్మది. మాట మాటకీ మధ్య ఓ ఆమడ దూరం పెట్టే మనిషి, గబగబా అన్నాడు.

"ఏం జరిగింది బాబాయ్?"

"పెద్దయ్యకివ్వు తల్లీ. నీకొద్దు."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కళ్ళు తెరవలేదు. విరిగిన భుజం వైపు తల వాల్చేసి, కుర్చీలో చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయాడు.

"బైకులు వెనక్కి జరిపింది నేను బాబాయ్," అంది. "నాకే చెప్పు."

అవతల అతను గుక్క తిప్పుకోవడం వినబడింది.